ఎత్తిరాతలూ ఆనవాళ్లూ: ఒక పరిశీలన

ఒకరు శ్రమపడి సిద్ధం చేసిన పాఠాన్ని మరొకరు అడగకుండా తీసుకుని తమదిగా ప్రకటించుకోవటం సాహిత్యలోకానికి కొత్త కాదు. గ్రంథచౌర్యం అనే మాట మన విమర్శలో ఎప్పటినుంచో ఉంది. అయితే ఆ మాట వినగానే మన దృష్టి రచయిత మీదికి పోతుంది. ఎవరి పద్యాన్ని ఎవరు అపహరించారు, ఎవరి కల్పనను ఎవరు అనుకరించారు అన్నదే చర్చ అవుతుంది. రచన తమది కాకపోయినా దాన్ని విని, రాసుకుని, తప్పులు దిద్ది, నలుగురూ చదువుకోవటానికి వీలుగా అందించినవారి సంగతి ఆ చర్చలోకి రాదు. ఇంటర్నెట్‌లో పోగైన పాటలూ పద్యాలూ చాలావరకు ఇటువంటివారి చేతిమీదుగా వచ్చినవే. వందలమంది కలిసి కూడబెట్టిన దాన్ని మరొక వెబ్‌సైటు తన పేజీల్లోకి తరలించుకుంటే పోయినది ఎవరి సొత్తు అన్న ప్రశ్నను ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

ఈ ప్రశ్న మన విద్యార్థులకు రెండు విధాల దగ్గరిది. హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో, యానాంలోనో ఉండి తెలుగు చదువుకునేవారికి పెద్ద గ్రంథాలయాలు అందుబాటులో ఉండవు. తెర మీద దొరికిన ప్రతే చాలాసార్లు వారికి ఆధారం. ఆ ప్రతి ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియదు. రెండవది, ఆ విద్యార్థులే రేపు తమ ఊళ్లలో, తమ ఇళ్లలో పాటలు సేకరించి రాసేవారు. ఎత్తిరాత వల్ల నష్టపోయేవారిలో వారూ ఉంటారు.

పరిశీలనకు మేము తీసుకున్న ఉదాహరణ అమెరికాది. ఆ తగాదా న్యాయస్థానాల దాకా వెళ్లి, వివరాలన్నీ బయటికి వచ్చి, తీర్పు కూడా పూర్తయింది కాబట్టి దాన్ని ఎంచుకున్నాము.

జీనియస్ అనే వెబ్‌సైటు 2009లో మొదలైంది. మొదట్లో దాని పేరు ర్యాప్ జీనియస్. ర్యాప్ పాటల మాటలు వేగంగా సాగుతాయి, యాస బరువుగా ఉంటుంది, కొన్నిచోట్ల పాడేవాడు ఏమంటున్నాడో ఎన్నిసార్లు విన్నా తేలదు. అభిమానులు ఆ పాటలను పదేపదే విని, మాట మాటా రాసి, ఒకరు రాసింది ఇంకొకరు దిద్ది, అర్థాలు కూడా చేర్చి అక్కడ ఉంచేవారు. క్రమంగా ఇతర పాటలూ చేరాయి. గూగుల్‌లో పాట పేరు కొట్టగానే ఆ పాట సాహిత్యమంతా వెతుకులాట ఫలితాల పైభాగంలోనే కనిపించే ఏర్పాటు వచ్చాక, ఆ మాటలు తమ దగ్గరినుంచే వెళుతున్నాయని జీనియస్‌వారికి 2016లో అనుమానం కలిగింది. అనుమానానికి కారణమైనది డిజైనర్ అనే గాయకుడి 'పాండా' అనే పాట. అందులో మాటలు సరిగ్గా వినపడవు. గాయకుడే స్వయంగా జీనియస్‌వారికి ఆ సాహిత్యాన్ని అందించాడు. గూగుల్ చూపించినది అక్షరం అక్షరం దానితో సరిపోయింది.

అనుమానం వేరు, రుజువు వేరు. ఒకే పాటను ఇద్దరు విడివిడిగా విని రాసినా ఫలితం ఒకటే కావచ్చు కదా! అందుకని వారొక ఉపాయం పన్నారు. ఇంగ్లీషు రాతలో మాట మధ్య వాడే అపాస్ట్రఫీ గుర్తుకు రెండు రూపాలున్నాయి. ఒకటి నిటారు గీత, రెండవది వంపు తిరిగినది. చదివేవారెవరూ ఆ తేడాను పట్టించుకోరు. కొన్ని పాటల్లో ఆ రెండు రూపాలనూ ఒక పద్ధతి ప్రకారం కలిపి వాడారు. వాటిని చుక్కలుగా, గీతలుగా తీసుకుని మోర్స్ సంకేతాల ప్రకారం చదివితే 'రెడ్ హ్యాండెడ్' అని వస్తుంది, అంటే చేతిలో సొత్తు ఉండగా పట్టుబడినవాడని. ఆ గుర్తులు చెక్కుచెదరకుండా వందకు పైగా పాటల్లో గూగుల్ తెర మీద కనిపించాయని వారు చెప్పగా, ఈ సంగతి 2019 జూన్‌లో పత్రికలకెక్కింది.

పాఠపరిష్కరణ శాస్త్రం చదివినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. ఒక కావ్యానికి పది తాళపత్ర ప్రతులు దొరికినప్పుడు వాటి సంబంధాన్ని నిర్ణయించటానికి పరిష్కర్త చూసేది సరైన పాఠాలను కాదు. సరైన పాఠం ఎవరైనా విడిగా రాయగలరు. ఒకే తప్పు, ఒకే చోట, రెండు ప్రతుల్లో ఉంటే ఆ రెండూ ఒకే మాతృక నుంచి దిగాయనో, ఒకదాన్ని చూసి మరొకటి రాశారనో ఊహిస్తాడు. ఒకచోట పాదం జారిపోవటం, ఒక అక్షరం మరొక అక్షరంగా మారటం, గణభంగం కావటం, ఇవే అతనికి సాక్ష్యాలు. లేఖకుడి తప్పు తెలియక పడినది, జీనియస్‌వారి గుర్తు తెలిసి పెట్టినది. సూత్రం మాత్రం రెండింటికీ ఒకటే.

తెలిసి తప్పు పెట్టే పద్ధతి కూడా కొత్తదేమీ కాదు. అమెరికాలోనే కాన్సాస్ రాష్ట్రంలో రూరల్ అనే చిన్న టెలిఫోన్ కంపెనీ తన డైరెక్టరీలో లేని మనుషుల పేర్లు కొన్ని చేర్చింది. ఫీస్ట్ అనే ప్రచురణ సంస్థ అడిగితే అనుమతి ఇవ్వలేదు. అయినా ఫీస్ట్ వేసిన పెద్ద డైరెక్టరీలో ఆ లేని మనుషులు నలుగురు ప్రత్యక్షమయ్యారు. నకలు జరిగిందని తేలిపోయింది. అయినా 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఫీస్ట్ పక్షానే తీర్పు చెప్పింది. పేర్లనూ నంబర్లనూ అక్షరక్రమంలో పేర్చటంలో స్వంత కల్పన ఏమీ లేదు, ఎంత చెమటోడ్చినా చెమటకు కాపీరైటు రాదు అన్నది ఆ తీర్పు సారాంశం. ఆనవాలు పట్టుబడటం, న్యాయం దొరకటం రెండు వేరువేరు విషయాలన్న సంగతి అప్పుడే స్పష్టమైంది.

జీనియస్‌కూ అదే ఎదురైంది. వారు 2019 డిసెంబరులో గూగుల్ మీద, గూగుల్‌కు పాటల సాహిత్యాన్ని సరఫరా చేసే లిరిక్‌ఫైండ్ అనే కెనడా సంస్థ మీద న్యూయార్క్‌లో దావా వేసి, 5 కోట్ల డాలర్ల నష్టపరిహారం కోరారు. పాటల మీద హక్కు తమదని వారు అనలేకపోయారు, ఎందుకంటే ఆ హక్కు పాట రాసినవారిది, ప్రచురణ సంస్థలది. అందుచేత తమ వెబ్‌సైటు వాడకపు షరతులను ఉల్లంఘించారని ఆరోపించారు. ఇది పేరుకు ఒప్పందపు తగాదా అయినా నిజానికి కాపీరైటు తగాదాయేనని, ఆ చట్టం పరిధిలోకి వచ్చే విషయాన్ని మరొక దారిన తేవటం కుదరదని 2020 ఆగస్టులో ఫెడరల్ జిల్లా కోర్టు దావాను కొట్టివేసింది. 2022 మార్చిలో అప్పీలు కోర్టు దాన్నే ఖాయపరిచింది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించటానికి నిరాకరించింది.

తీర్పు చట్టం దృష్టిలో తప్పని మేము అనము. చట్టానికి తెలిసిన మనుషులు ఇద్దరే: రాసినవాడు, రాసినవాడి దగ్గర హక్కులు కొన్నవాడు. విని రాసిపెట్టినవాడు ఆ ఇద్దరిలో ఎవరూ కాడు. అతను రాసినది మూలరచనకు ఉపరచన అవుతుంది, ఉపరచనకు అనుమతి ఇచ్చే అధికారం మూలరచన హక్కుదారుదే. తర్కం సరిగానే ఉంది. అయితే ఆ తర్కం పూర్తయ్యాక మిగిలిన దృశ్యాన్ని కూడా చూడాలి. తగాదా బయటపడగానే, సాహిత్యాన్ని సరఫరా చేసిన సంస్థ పేరును పాట కింద చూపిస్తామని గూగుల్ 2019లో ప్రకటించింది. అంటే పేరు ఇవ్వటానికి చోటు ఉందన్నమాట. ఆ చోటు దక్కినది సరఫరా సంస్థకు. చెవి ఒగ్గి విన్న పిల్లవాడి పేరు అక్కడ లేదు.

ఇక్కడ ఇంకొక వైపు కూడా చెప్పకపోతే విమర్శ ఏకపక్షమవుతుంది. దొంగతనం జరిగిందని మొరపెట్టుకున్న జీనియస్ తన తొలి దశలో పాటల హక్కుదారుల అనుమతి తీసుకోలేదు. 2013 నవంబరులో అమెరికా సంగీత ప్రచురణకర్తల సంఘం అనుమతి లేకుండా పాటల సాహిత్యాన్ని ఉంచిన 50 వెబ్‌సైట్లకు నోటీసులు ఇచ్చినప్పుడు, జార్జియా విశ్వవిద్యాలయంలో తయారైన ఒక జాబితా దానికి ఆధారం. ఆ జాబితాలో మొదటి పేరు ర్యాప్ జీనియస్‌ది. ఆ తరువాతే వారు ఒప్పందాలు కుదుర్చుకుని డబ్బు కట్టటం మొదలుపెట్టారు. దీన్నిబట్టి దొంగ ఇంట దొంగ పడ్డాడని నవ్వి ఊరుకోవటం సులభం. మా అభిప్రాయం అది కాదు. పాట రాసిన కవికి అన్యాయం చేసినది సంస్థ. కూర్చుని విని రాసిన అభిమానులకు అన్యాయం చేసినవారిలో ఆ సంస్థ కూడా ఉంది. వారి శ్రమను తన ఆస్తిగా లెక్కగట్టి 5 కోట్ల డాలర్లు అడిగినది ఆ సంస్థే కదా! గెలిచివుంటే ఆ డబ్బులో వారికి ఏపాటి వాటా ముట్టేదో ఊహించుకోవచ్చు.

మన అలంకారశాస్త్రం ఈ విషయంలో ఏమైనా సహాయపడుతుందా అని చూస్తే, పడుతుంది, కొంతవరకే. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణం, అర్థహరణం అని విభజించి, ఇతరుల భావాన్ని గ్రహించటంలో ప్రతిబింబకల్పం, ఆలేఖ్యప్రఖ్యం, తుల్యదేహితుల్యం, పరపురప్రవేశసదృశం అని భేదాలు చెప్పాడు. అంతకు ముందే ఆనందవర్ధనుడు మొదటి మూడింటిని చెప్పి, అద్దంలో నీడలాంటిదీ, బొమ్మలాంటిదీ విడిచిపెట్టాలనీ, ఒకరిని పోలిన మరొక మనిషిలాంటిది మాత్రం గ్రహించవచ్చనీ అన్నాడు. కవుల్లోనూ వర్తకుల్లోనూ దొంగలు కానివారు లేరు, దాచుకోగలిగినవాడికే నింద లేదు అన్న రాజశేఖరుడి చమత్కారం ప్రసిద్ధమే. ఈ చర్చంతా కవికీ కవికీ మధ్య. వెబ్‌సైట్ల ఎత్తిరాతలో భావగ్రహణం లేదు, ప్రతిబింబం కూడా లేదు, ఉన్నది ఉన్నట్టు మోసుకుపోవటమే ఉంది. దానికి ఆలంకారికులు పేరు పెట్టాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే వారి కాలంలో ఉన్నది ఉన్నట్టు రాసుకోవటమే పుస్తకం బతికే మార్గం. నకలు రాసేవాడు దొంగ కాడు, పుణ్యాత్ముడు.

ఆ లేఖకుడికి మన సంప్రదాయం ఒక చోటు ఇచ్చింది. కావ్యం ముగిసిన తరువాత, కవి గద్య అయిపోయాక, ఆకు చివర కొన్ని పంక్తులు లేఖకుడివి. ఫలానా సంవత్సరం, ఫలానా మాసం, ఫలానా తిథి, ఫలానావాడు ఫలానావారి కోసం రాసి ముగించాడు అని ఉంటుంది. చూసిన ప్రతిలో ఎలా ఉందో అలాగే రాశాను, తప్పుంటే నన్ను నిందించవద్దు అని ఒక విన్నపం ఉంటుంది. నడుము వంగి, మెడ దించి, చూపు బిగించి కష్టపడి రాసినది, జాగ్రత్తగా కాపాడండి అని మరొకటి. తాళపత్రాలు తిరగేసినవారికి ఇవి పరిచితమే. కవి పేరును కవికి వదిలేసి, తన శ్రమను మాత్రం తనదని చెప్పుకునే ఆ మర్యాద గమనించదగినది. అందులో హక్కు మాట లేదు. పేరు ఉంది, తేదీ ఉంది, ఎక్కడినుంచి రాశాడో ఉంది, తప్పులకు బాధ్యత ఎంతవరకో ఉంది. పాఠాన్ని అంచనా వేయటానికి పరిష్కర్తకు కావలసినవి కూడా అవే.

అచ్చు వచ్చాక ఈ మర్యాద సన్నగిల్లింది. సి.పి. బ్రౌను కడపలో పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, ప్రతులు తెప్పించి, పోల్చి చూపించి, పాఠాలు సిద్ధం చేయించాడు. జూలూరి అప్పయ్య వంటి కొందరి పేర్లు నిలిచాయి. మిగిలిన చేతులను 'బ్రౌను ప్రతులు' అనే మాట కప్పేసింది. జానపద గేయ సంకలనాల్లో ఈ లోటు ఇంకా పెద్దది. చాలావాటిలో సంకలనకర్త పేరు అట్ట మీద ఉంటుంది, పాడినవారి పేరు ఎక్కడా ఉండదు. వెబ్‌సైట్లను దుయ్యబట్టే ముందు మన ఇల్లు చూసుకోవాలి.

మన విద్యార్థులకు ఇదే అన్నిటికన్నా దగ్గరి విషయం. హోసూరు ప్రాంతంలో ఒక విద్యార్థి ఒక పాట రాసుకున్నదనుకుందాం. అందులో 'ఉంది' అని రావలసినచోట 'ఉండాది' అని ఉంటుంది. శ్రీకాకుళం నుంచి బరంపురం వైపు వెళ్లిన కుటుంబంలో పాడిన పాటలో 'ఏమిటి'కి బదులు 'ఏటి' ఉంటుంది. ఇవి ఎవరూ ఉద్దేశపూర్వకంగా పెట్టినవి కావు, ఆ ఊరే ఆ పాటలో వేసిన ముద్ర. జీనియస్‌వారు అపాస్ట్రఫీలతో శ్రమపడి సంపాదించుకున్న ఆనవాలు మన పాటలకు పుట్టుకతోనే ఉంది. ఎవరైనా ఆ పాటను ఉన్నది ఉన్నట్టు ఎత్తుకుపోతే ఆ మాటలే సాక్ష్యం చెబుతాయి.

కాని మన పాటలను ఎత్తిరాసేవారు తరచు అలా చేయరు. 'దిద్దుతారు'. 'ఉండాది'ని 'ఉంది' చేస్తారు, 'ఏటి'ని 'ఏమిటి' చేస్తారు, మధ్యలో వచ్చిన తమిళ మాటకో కన్నడ మాటకో బదులు తెలుగు మాట పెడతారు, పైన 'తెలుగు జానపద గీతం' అని శీర్షిక ఉంచుతారు. ఆ తరువాత దాన్ని ఎవరి దగ్గర తీసుకున్నారో రుజువు చేయటం అసాధ్యమవుతుంది. అంతకంటె నష్టం, ఆ పాట ఏ ఊరిదో చెప్పే మాటలు పోయి, ఏ ఊరికీ చెందని పాట మిగులుతుంది. గుర్తులను తొలగించకుండా ఎత్తుకుపోయినవాడు దొరికిపోతాడు, పాట మాత్రం దెబ్బతినదు. శుభ్రం చేసి ఎత్తుకుపోయినవాడు దొరకడు, పాట దెబ్బతింటుంది. మా దృష్టిలో రెండవదే పెద్ద అపరాధం. ఆంధ్రదేశానికి వెలుపల మూడు నాలుగు వందల ఏళ్లుగా బతికిన భాషకు ఉన్న ఆధారాలు ఇటువంటి మాటలే. ఇరవై ముప్పై ఏళ్ల తరువాత ఆ ఊరివారి మనుమరాలు ఆ పాటను తెర మీద చూసి, ఇది మా అమ్మమ్మ పాడేదే అని గుర్తుపట్టే అవకాశం ఆ ఒక్క 'ఉండాది'తో పోతుంది.

మన చట్టం ఇందులో ఎంతవరకు అండగా ఉంటుందో తెలుసుకోవటం మంచిది. ఈస్టర్న్ బుక్ కంపెనీ దావాలో మన సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో చెప్పిన తీర్పు ఒకటి ఉంది. కోర్టు తీర్పుల పాఠం మీద ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు, అక్షరదోషాలు దిద్దినంత మాత్రాన హక్కు రాదు. అయితే పాఠాన్ని పేరాలుగా విడదీసి అంకెలు వేయటం, ఏ న్యాయమూర్తి ఎవరితో ఏకీభవించాడో గుర్తించి చూపటం వంటి పనిలో వివేచన ఉంది కాబట్టి దానికి రక్షణ ఉంది అని ఆ తీర్పు. శ్రమకు కాదు, వివేచనకు. పాఠాంతరాలు తూచి ఒకటి ఎంచి, పీఠిక రాసి, పాటలను వర్గీకరించినవారు దీన్ని ఆధారం చేసుకోవచ్చునని మేము అనుకుంటున్నాము. కేవలం విని రాసినవారికి దీనివల్ల ఒరిగేది తక్కువ.

పాడినవారి పరిస్థితి కొంత మెరుగు. కాపీరైటు చట్టానికి 1994లో వచ్చిన సవరణతో ప్రదర్శకులకు ప్రత్యేక హక్కు ఏర్పడింది. 2012 సవరణ ఇంకొక అడుగు వేసి, ప్రదర్శకులుగా తమను గుర్తించి పేరు చెప్పమనే హక్కునూ, తమ గౌరవానికి భంగం కలిగేలా ప్రదర్శనను మార్చితే అభ్యంతరపెట్టే హక్కునూ ఇచ్చింది. పెద్ద కచేరీలు చేసేవారికే కాదు, రికార్డరు ముందు కూర్చుని రోకటిపాట పాడిన వృద్ధురాలికీ ఇది వర్తిస్తుంది. అయితే ఇది గొంతుకు సంబంధించిన హక్కు. ఆ గొంతును మాటలుగా మార్చి కాగితం మీద పెట్టగానే చట్టం పట్టు సడలుతుంది. రికార్డు చేసినదాన్ని ఎత్తుకుపోతే అడగవచ్చు, రాసినదాన్ని ఎత్తుకుపోతే అడగటం కష్టం.

అనుమతి ముందే ఇచ్చి, పేరు మాత్రమే కోరే పద్ధతి కూడా ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఇటువంటిది. అక్కడి వ్యాసాలను ఎవరైనా తీసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పాలి, తమ నకలునూ అవే షరతులతో ఇతరులకు వదలాలి. ఇంత ఉదారంగా ఇచ్చినదాన్ని కూడా పేరు చెప్పకుండా వాడుకునేవారున్నారంటే, కష్టం డబ్బుది కాదని తెలుస్తుంది. వికీసోర్స్‌లో అయితే పాత పుస్తకపు పుట బొమ్మ పక్కనే టైపు చేసిన పాఠం ఉంటుంది. ఎవరు టైపు చేశారు, ఎవరు సరిచూశారు, ఏ తేదీన ఏ అక్షరం మార్చారు అన్నదంతా పేజీ చరిత్రలో నిలిచి ఉంటుంది. తాటాకు చివరి పంక్తులు వేరే రూపంలో తిరిగి వచ్చాయని మాకు అనిపిస్తుంది. మారుపేర్లతో పనిచేసేవారు ఎక్కువన్న ఆక్షేపణ ఉండవచ్చు. తాళపత్ర లేఖకుల్లో చాలామంది ఎవరో కూడా మనకు పేరుకు మించి తెలియదు.

సిద్ధాంత వ్యాసాలకు పాటలు సేకరిస్తున్న విద్యార్థులు ప్రతి పాట కిందా పాడినవారి పేరు, ఊరు, తేదీ, రాసుకున్నవారి పేరు, తరువాత ఎవరు ఏ మాట మార్చారన్నది రాయాలి. అనుబంధంలో ఒక్కచోట అందరి పేర్లూ కుప్పపోస్తే చాలదు, ఎందుకంటే ఎత్తిరాసేవారు అనుబంధం తీసుకుపోరు, పాటే తీసుకుపోతారు. పేరు పాటకు అంటిపెట్టుకుని ఉంటే దాన్ని వదిలించుకోవటానికి కనీసం ఒకసారి చేయి ఆడించాలి. వినపడని మాట దగ్గర ఊహించి పూరించకుండా చుక్కలు పెట్టాలి. ఇక పేరు రాయవద్దు అనే అవ్వలు ఉంటారు. ఫలానా కులపు పాట, ఫలానా తిట్టుపాట తన పేరున అచ్చులో పడటం ఆమెకు ఇష్టం ఉండకపోవచ్చు. అప్పుడు ఆమె వద్దన్నదనే రాయాలి, ఊరు మాత్రం ఉంచవచ్చునా అని ఆమెనే అడగాలి.